సున్నపు వేలు, సూర్యుడి తుఫాను

నాకు ముక్కు మీద కోపం. నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి ఇక మీరెవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఈ కోపం మధ్యలో మా నాన్నని వదిలేసి నాయనమ్మ నుంచి నేరుగా నాకు దిగింది. మా నాన్న పాపం నెమ్మదస్తుడు. ఇంట్లో ఇద్దరం ఒకేసారి నోరు తెరిచామంటే ఆయన కండువా భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయేవాడు. మా చేలు ఊళ్ళో అందరికంటే ముందు కలుపు తీసినట్టుండడానికి కారణం అదేనని నా అనుమానం.

డెబ్బైల మొదట్లో సంగతి. బాపట్లలో హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. ముగించి రేపల్లెలో ఇంటికొచ్చి కూర్చున్నాను. ఎమ్మెస్సీ సీటు రాలేదు. తెనాలిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ డెమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం ఖాళీ అవుతుందని తెలిసింది. ఆ ఉద్యోగం మీద నాకు ఎంత ఆశ ఉండేదంటే, రేపల్లె నుంచి పొద్దున పాసింజర్లో వెళ్ళి సాయంత్రం పాసింజర్లో వచ్చినట్టు కలలు కూడా వచ్చేవి. కలలో కూడా ఆ రైలు ఆలస్యంగానే నడిచేది.

ఆ ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం ఇవ్వగలిగిన మనిషి ఒక్కరే. బాపట్లలో నాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగుతో ఉండేవారు. ఆ ఏడాది చివర్లో రిటైరవుతున్నారు. ఆయనకి ఒకే ఒక్క కోరిక మిగిలింది. కొందరికి కాశీ వెళ్ళాలని ఉంటుంది, కొందరికి మనవణ్ణి ఎత్తుకోవాలని ఉంటుంది. ఈయనకి రిటైరయ్యేలోగా ఒక్క అయస్కాంత తుఫాను కళ్ళారా చూడాలని ఉండేది.

అయస్కాంత తుఫానంటే చెట్లు కూలవు, కప్పులు ఎగిరిపోవు. ఆయన క్లాసులో చెప్పిన మాట ఇది. సూర్యుడి నుంచి కంటికి కనపడని కణాల గాలి ఒకటి ఎడతెరిపి లేకుండా వీస్తుంటుంది, దాన్ని సౌరపవనం అంటారు. మన భూమి తన అయస్కాంతత్వాన్ని గొడుగులా పట్టుకుని ఆ గాలిలో నిలబడి ఉంటుంది. ఒక్కో రోజు ఆ గాలి తోపుకి భూమి చుట్టూ, ఆకాశంలో వేల మైళ్ళ ఎత్తున, పెద్ద పెద్ద కరెంట్లు వడ్డాణంలా తిరుగుతాయి. అవి తిరిగినప్పుడు ఇక్కడ కింద భూమి అయస్కాంత బలం కాస్త తగ్గుతుంది. ఎంతంటే వెయ్యిలో ఒకటి, రెండు, మహా అయితే నాలుగైదు వంతులు. ఆ తగ్గడం చూడాలని ఆయన ముప్ఫై ఏళ్ళ తపన. కాలేజీలో కుదరలేదు. ఇనప దూలాలు, మోటార్లు, అవి చాలవన్నట్టు కిటికీ కింద సైకిలు స్టాండు. మా వాళ్ళు సైకిలు తీసినప్పుడల్లా ఆయన తుఫాను వచ్చి పోయేది.

ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కుంటూ మా గాదె గది చూశారు. మట్టి గోడలు, తాటి దూలాలు, కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటి. తలుపుకి చెక్క గడియ, చెక్క సీలలు. ఎప్పుడో మా ముత్తాత ఇనుము కొనడం దండగనుకుని కట్టిన గది. మాస్టారు జేబులోంచి దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకుని, గదంతా అడుగులో అడుగేసుకుంటూ తిరిగారు.

"ఈయనేంటే, మనింట్లో నూతికి జాగా చూస్తున్నాడా?" అంది నాయనమ్మ.

మరుసటి ఆదివారం ఆయన సంచితో దిగారు. పేరాలలో ఒక మగ్గం ఇంటి నుంచి అడిగి తెచ్చిన పట్టుపోగు ఒకటి. పురి ఎక్కించని పోగు కావాలట, పురి ఉంటే తేమకి తనంతట తను తిరుగుతుందట. ఆ పోగుకి చిన్న అయస్కాంతం, అయస్కాంతానికి గోరంత అద్దం. దాన్ని గాలి తగలకుండా గాజు సీసాలో వేలాడదీశారు. అది ఊరికే ఉత్తర దక్షిణాలు చూస్తూ ఉండకుండా, పక్కన రెండో అయస్కాంతం పెట్టి తూర్పు పడమరలుగా అడ్డంగా నిలబెట్టారు. అలా నిలబెడితే భూమి బలం రవ్వంత తగ్గినా పెరిగినా అది కొద్దిగా తిరుగుతుంది. ఇత్తడి బుడ్డి దీపం వెలుగు అద్దం మీద పడి, ఎదురు గోడ మీద చింతగింజంత చుక్కగా వాలుతుంది. గోడ మీద గీతలు కొట్టిన కాగితం అతికించారు. చుక్క వీధి వైపు జరిగితే భూమి బలం పెరిగినట్టు, పెరటి వైపు జరిగితే తగ్గినట్టు.

"అమ్మాయ్, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా గంటగంటకీ చుక్క ఎక్కడుందో రాయాలి. మూడు నెలలు. నేను వారం వారం వచ్చి చూస్తాను. తెనాలి ఉత్తరం నా పూచీ," అన్నారు మాస్టారు.

నేను ఎగిరి గంతేశాను. చుక్క చూసి అంకె వెయ్యడానికి ఉద్యోగమా! వారం తిరిగేసరికి తెలిసింది, గేదెకి పలుపు ఎలాగో నాకు ఆ గోడ అలాగని. చుక్క రోజూ ఒకటే పని చేసేది. పొద్దున్నించి వీధి వైపు రెండు వేళ్ళ మేర నడిచి, మధ్యాహ్నం అక్కడ కాసేపుండి, సాయంత్రానికి మళ్ళీ మొదటికొచ్చేది. పగటి ఎండకి పై గాలిలో పుట్టే కరెంటు వల్ల అలా జరుగుతుందని మాస్టారు చెప్పారు. మా నాన్న కూడా రోజూ అంతే, పొలానికి వెళ్ళి వచ్చేవాడు. ఆయన్ని చూసి ఎవరూ అంకెలు వెయ్యలేదు.

గాదె గది ఊళ్ళోకెల్లా చల్లని చోటు. మధ్యాహ్నం భోజనమయ్యాక నాయనమ్మ ఎన్నో ఏళ్ళుగా అక్కడే గోడవారన చేరి ఆకూ వక్కా వేసుకునేది. మొదటి వారం ఆ సీసా చూసి జంకి అరుగు మీద కూర్చుంది గానీ, చల్లదనం వదల్లేక మళ్ళీ తన చోటికే చేరింది. తమలపాకుకి సున్నం రాసి, వేలికి మిగిలిన సున్నాన్ని పక్క గోడకి రాసెయ్యడం ఆవిడ అలవాటు. ఆకేసుకునే ప్రతివాళ్ళకీ ఉన్న అలవాటే. మా ఇంట్లో ఏ గోడ చూసినా, ఏ స్తంభం చూసినా కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తున సున్నపు మరకలుండేవి. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మాస్టారి కాగితం కిందనే రాస్తుంటే ఇంకా మండింది.

రెండో వారంలో వింత మొదలైంది. రోజూ మధ్యాహ్నం సుమారు రెండింటికి చుక్క వీధి వైపు ఒక్కసారిగా నాలుగు గీతలు గెంతి, మూడున్నర దాకా అక్కడే ఉండి, మళ్ళీ వెనక్కి గెంతేది. రైళ్ళకి లేని నియమం దానికుంది. ఉత్తరం రాస్తే మాస్టారికి ఆనందంతో నిద్రపట్టలేదట. ఇంతవరకూ ఎవరూ చూడని కరెంటు ఏదో సరిగ్గా రేపల్లె నెత్తి మీద తిరుగుతోందని నమ్మి, ఐదు పేజీల వ్యాసం రాశారు. కాలేజీకి సెలవు పెట్టి, ఆ వ్యాసం గొడుగులో దోపుకుని, బుధవారం నాడు దిగారు.

ఆయనా నేనూ చీకట్లో చుక్క మీద కళ్ళు పెట్టి కూర్చున్నాం. రెండైంది. నాయనమ్మ వచ్చి గోడవారన తన చోట్లో కూర్చుంది. చుక్క గెంతింది.

"వచ్చింది! వచ్చిందమ్మాయ్!" అని మాస్టారు పెద్ద కేక పెట్టారు.

నాయనమ్మ ఉలిక్కిపడింది. ఒళ్ళోంచి అడకత్తెర జారి కింద పడింది. చుక్క ఇంకోసారి గెంతింది.

మాస్టారు చుక్కని చూశారు, అడకత్తెరని చూశారు, నాయనమ్మని చూశారు. మెల్లగా వంగి ఆ ఇనప అడకత్తెర తీసి సీసా దగ్గరికి తెచ్చారు, చుక్క వీధికి పరిగెత్తింది. దూరంగా తీశారు, వెనక్కొచ్చింది. రెండు మూడు సార్లు అలా ఆడించి, వ్యాసాన్ని నాలుగు మడతలు పెట్టారు. ఇన్నాళ్ళూ నేను నాయనమ్మ తల మీంచి తొంగి చూసి అంకెలు వేశాను గానీ, ఆవిడ అక్కడుందన్న సంగతే నాకు తట్టలేదు. నాకు ఆవిడ అక్కడుండడం గోడ అక్కడుండడం ఒకటే.

"పెద్దమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఈ గదిలోకి ఇనుము తేకూడదండి," అన్నారు మాస్టారు.

"ముందే చెప్పొచ్చుగా బాబూ. సరే, మాటిస్తున్నా. మీ దీపం ఆరేదాకా ఇనుము ముక్క ఈ గడప దాటదు," అంది నాయనమ్మ.

అంతే, ఆ రోజు నుంచి మాకు తిప్పలు మొదలయ్యాయి. మాస్టారు ఒక అడకత్తెర మానమంటే, ఈవిడ గడప దగ్గర పోలీసైపోయింది. వక్కలు పొద్దున్నే అరుగు మీద కత్తిరించుకుని ఇత్తడి డబ్బాలో తెచ్చుకునేది. పక్కింటి పిన్ని కబుర్లకొస్తే "ఆ బొడ్లో తాళాలగుత్తి బయట పెట్టి రావే!" అని అరిచేది. మా నాన్న గాదెలో వడ్లు తీసుకోవడానికొస్తే మొలతాడు తడిమి చూసింది. నా జడపిన్నులు ఊడబెరికింది. మూడు నెలలు నేను జుట్టు విరబోసుకుని సైన్సు చేశాను.

నెల గడిచింది. తుఫాను లేదు. ఒక ఆదివారం మాస్టారు రొప్పుతూ వచ్చారు. సూర్యుడి మీద పెద్ద మచ్చ కనిపించిందట, దుర్భిణి అద్దంలోంచి కాగితం మీద పడేట్టు చేసి చూశారట. పైగా శనివారం ఆయన దూరదేశపు రేడియో వింటుండగా మధ్యాహ్నం దాని గొంతు పూర్తిగా పడిపోయిందట. అంటే సూర్యుడి మీద ఏదో పేలింది, రెండు మూడు రోజుల్లో గాలి వచ్చి మనల్ని తాకుతుందన్నారు. సోమవారం సెలవు పెట్టి మా అరుగు మీదే మకాం వేశారు. సోమవారం మధ్యాహ్నం చుక్క వీధి వైపు చటుక్కున ఒక గీత గెంతింది. "గాలి తాకింది!" అన్నారు. ఇక పెరటి వైపు నడుస్తుందని కూర్చున్నాం. నడవలేదు. సాయంత్రం దాకా వీధి వైపే నిలబడి, రోజూ లాగే ఇంటికొచ్చేసింది.

ఆయన మొహం చూడలేకపోయాను. నాయనమ్మ కూడా జాలిపడి, "అంత గాలీ వచ్చి ఏమైంది బాబూ?" అంది.

మాస్టారు గాదె మూత మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పారు. "పెద్దమ్మగారూ, ఆ గాలి ఎంత జోరుగా వచ్చిందన్నది ఒక్కటే చాలదండి. అది సూర్యుడి అయస్కాంతత్వాన్ని కూడా మూటగట్టుకుని తెస్తుంది. మన భూమి ముందు వాకిట్లో బలరేఖలు ఉత్తరం చూస్తుంటాయి. వచ్చినవి కూడా ఉత్తరమే చూస్తుంటే, చాలామటుకు తగిలి పక్కనించి జారిపోతాయి. అవి దక్షిణం చూస్తూ వచ్చాయనుకోండి, ఇవీ అవీ ముడిపడతాయి. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. గాలిలో బలమంతా లోపలికొస్తుంది. భూమి చుట్టూ కరెంటు పెరుగుతుంది. మన చుక్క పెరటి వైపు నడుస్తుంది. ఇవాళ వచ్చింది ఉత్తరం చూస్తూ వచ్చి ఉంటుంది."

నాయనమ్మ నములుతున్న ఆకుని బుగ్గన పెట్టుకుంది. "ఓస్, ఇంతేనా! ఇంటిపేరు ఒకటైతే సంబంధం కుదరదు. వేరైతే కుదురుతుంది. కుదిరాక ఇల్లంతా చుట్టాలు గిరగిరా తిరుగుతారు. ఆ తిరగడమే మీ కరెంటు."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. "ముప్ఫై ఏళ్ళ నుంచి చెబుతున్నానండి ఈ అయస్కాంతాల సంగతి. ఇంత తేలిగ్గా ఒక్కరికీ చెప్పలేకపోయాను," అన్నారు. ఇవాళ్టి గాలి మనకి సగోత్రమన్నమాట అని తనలో తనే నవ్వుకున్నారు. వెళ్ళే ముందు జేబులోంచి ఒక కాగితం తీసి చదివి వినిపించారు. తెనాలికి రాసిన సిఫారసు ఉత్తరం. అందులో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తు: "ఈ అమ్మాయి వేసిన అంకెను నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను." మూడు నెలలు పూర్తికాగానే ఇస్తానని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నాకు ఛాతీ బెత్తెడు పొంగింది.

అలా పొంగిన మనిషిని నేను ఏం చేశానో వినండి.

మూడో నెలలో ఒక గురువారం. తెనాలి నుంచి హాస్టలు స్నేహితురాలు కార్డు రాసింది, మనం చూడాలనుకున్న సినిమా శుక్రవారం ఎత్తేస్తున్నారు, మ్యాట్నీకి రమ్మని. రెండున్నర నెలలుగా నేను చూస్తున్న సినిమా ఒక్కటే, అందులో నటించేది ఒక చుక్క. ఇక నావల్ల కాలేదు. నాయనమ్మతో జాకెట్లు కుట్టించుకోవడానికి తెనాలి వెళ్తున్నానని చెప్పాను. "దీపంలో నూనె అయిపోకుండా చూస్తుండు," అని పురమాయించి పాసింజరెక్కాను. సినిమా బాగుంది. ఇంటర్వెల్లో రెండు బజ్జీల పొట్లాలు తిన్నాను. మనస్సాక్షి కూడా నాతోపాటే తిన్నట్టుంది, చప్పుడు చెయ్యలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయనమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఒసేయ్, ఇవాళ నీ చుక్క ఏం చేసిందో తెలుసా..."

"అబ్బ, ఉండవే! తల పగిలిపోతోంది. ఎప్పుడూ నీ గోలేనా?" అని విసుక్కున్నాను. ఆవిడ నోరు మూసుకుని వెళ్ళిపోయింది. మా నాయనమ్మ నోరు మూసుకోవడం అయస్కాంత తుఫాను కన్నా అరుదు. అది కూడా నేను గమనించలేదు.

తర్వాత పుస్తకం తీసి, అంతకు ముందు గురువారం అంకెలన్నీ ఎక్కించేశాను. మక్కికి మక్కీగా ఉంటే అనుమానం వస్తుందని అక్కడక్కడా అర గీత అటూ ఇటూ మార్చాను. ఆ అర గీతల తెలివి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున చూస్తే చుక్క ఉండాల్సిన చోట లేదు. పెరటి వైపు ఏడెనిమిది గీతల అవతల ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాయనమ్మా! సీసా కదిపావా?"

"నేనెందుకు కదుపుతానే?"

"మరి దయ్యం కదిపిందా? పైగా ఈ సున్నం చూడు, కాగితం కింద వరసగా ఎనిమిది చోట్ల పూశావు! ఇది గోడా, నీ నాలుకా?"

"నిన్న నీకు చెప్పబోతుంటేనే..."

"చెప్పొద్దు!"

రెండో అయస్కాంతాన్ని కొద్దిగా జరిపి చుక్కని పాత చోటుకి లాగాను. తప్పు సరిదిద్దానని నా ధీమా. ఆ తర్వాత సున్నపు మరకలు గోకడం మొదలుపెట్టాను. కత్తి తేవడానికి లేదు, గడపలో పోలీసుంది. కొబ్బరి చిప్ప ముక్కతో గోకితే మూడు మరకలు పోయేసరికి గోళ్ళు నొప్పెట్టాయి. మిగతా ఐదూ వాటి ఖర్మానికి వదిలేశాను.

కాలేజీలో పరీక్షల పనిలో పడి ఒక ఆదివారం రాలేక, పై ఆదివారం మాస్టారు వచ్చారు. గొడుగు అరుగు మీద పడేసి, చెప్పులతో లోపలికి రాబోయి, మళ్ళీ వెనక్కెళ్ళి చెప్పులు విప్పి, పరుగున వచ్చారు. చేతిలో ఒక కార్డు. దూరాన ఒక అయస్కాంత పరిశోధనశాలకి ఆయన నెలనెలా కార్డు రాసేవారు. వాళ్ళు జవాబిచ్చారు.

"అమ్మాయ్! గురువారం! మొన్న కాదు, అంతకు ముందు గురువారం! పన్నెండు ప్రాంతంలో మొదలై సాయంత్రం దాకా బ్రహ్మాండమైన తుఫానట! ఏదీ పుస్తకం, ఏదీ?"

గుమ్మడికాయ దొంగలాగా నా చెయ్యి దానంతటది భుజం మీదకి వెళ్ళింది. పుస్తకం ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి చదివారు. "పన్నెండింటికి ముప్ఫై ఒకటి. ఒంటిగంటకి ముప్ఫై ఒకటిన్నర. రెండింటికి ముప్ఫై ఒకటి." ఇంకోసారి చదివారు. మూడోసారి చదివేసరికి గొంతు చాలా చిన్నదైపోయింది.

నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆయన నన్ను తిట్టలేదు. పుస్తకం మూసి, నాయనమ్మ వైపు చూసి నవ్వబోయారు. "నా పరికరం గుడ్డిదండి, పెద్దమ్మగారూ. అంత తుఫాను నెత్తి మీంచి వెళ్తే అరగీత కదిలింది. అమ్మాయి అంకె తప్పదు. తప్పు నా లెక్కలోనే ఎక్కడో ఉంది. మిమ్మల్ని మూడు నెలలు ఇబ్బంది పెట్టాను."

అని సీసా మూత తీసి, పట్టుపోగు ముడి విప్పడానికి వేళ్ళు పెట్టారు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేను. నోరు తెరిస్తే తెనాలి ఉద్యోగం పోతుంది. తెరవకపోతే ఈ మనిషి ముప్ఫై ఏళ్ళ కోరిక నా మ్యాట్నీ కింద నలిగిపోతుంది, అదీ తన తప్పే అనుకుంటూ. ఆయన నన్ను అనుమానించి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. నమ్మి చంపేశారు.

"మాస్టారూ, ముడి విప్పకండి!" అని అరిచాను. "ఆ అంకెలు అబద్ధం. ఆ రోజు నేను ఇంట్లో లేను. తెనాలిలో సినిమాకి వెళ్ళాను. పాత గురువారం అంకెలు ఎక్కించాను. మర్నాడు చుక్క పక్కకుంటే అయస్కాంతం జరిపి పాత చోటుకి లాగేశాను. మీ పరికరం మంచిదే. నేనే..." ఆ తర్వాత ఏడుపొచ్చింది. నాకు ఏడుపు కూడా కోపంగానే వస్తుంది.

గదిలో మొదటి చప్పుడు నాయనమ్మది, నా వీపు మీద. "సినిమాకా! జాకెట్లు కుట్టించుకోడానికని చెప్పావు కదే! మీ నాన్న పుట్టి బుద్ధెరిగి నాకొక అబద్ధం చెప్పలేదే!" ఇంకో రెండు వడ్డించి, అప్పుడు ఆగింది. "ఉండు. ఏ గురువారం? నువ్వు గోడ గోకావే, దాని ముందు రోజా?"

అవునన్నాను.

"మరి ఆ రోజు చుక్క పరిగెత్తింది కదా! నువ్వొస్తే చూపిద్దామని సున్నం దాని మీదే రాశాను." నాయనమ్మ గోడవారన తన చోట్లో కూలబడి, కాగితం కింద మరకల మీద వేలు పెట్టింది. "మామూలుగా ఎక్కడబడితే అక్కడ రాస్తాను బాబూ. ఆ రోజు మాత్రం కాదు. మిల్లు పన్నెండు కూత కూసినప్పుడు నూనె పొయ్యడానికొస్తే, చటుక్కున వీధి వైపు గెంతింది. ఆశ్చర్యమేసి అక్కడే కూర్చున్నా. మొదటి మూడు మరకలూ అటు. అవి ఇది గోకేసింది. అన్నం తినొచ్చేసరికి వెనక్కి మళ్ళి ఇక్కడుంది. పిన్ని వచ్చి వెళ్ళేసరికి ఇక్కడ. మూడింటి కాఫీకి ఇక్కడ. గేదెకి కుడితి పెట్టొచ్చేసరికి ఇదిగో, ఇక్కడ. ఇది వచ్చిన పాసింజరు కూత వేసినప్పుడు ఈ చివర. అన్ని ఆకులు నేను ఏ రోజూ వెయ్యలేదు. చుక్క జరిగినప్పుడల్లా ఒకటి వేశా. నోరు పొక్కింది."

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని గోడకి మొహం ఆనించినంత దగ్గరగా చూశారు. ఐదు మరకలు వరసగా పెరటి వైపు నడిచి, కాగితం అంచు దాటి, వట్టి గోడ మీదకి వెళ్ళాయి. చివరిది మొదటి దానికి జానెడుకి పైగా దూరంలో ఉంది. ఆయన కార్డు చూసి, మరకలు చూసి అడిగారు.

"పెద్దమ్మగారూ, తప్పుగా అనుకోకండి. ఆ రోజు... అడకత్తెర?"

నాయనమ్మ ఆయన వైపు ఎలా చూసిందంటే, నేను ఆ చూపుకి గోడలో దూరాలనుకున్నాను. "మాటిచ్చానా లేదా?"

"ఇచ్చారండి," అన్నారు మాస్టారు. ఇంకేమీ అడగలేదు. చెక్క స్కేలు తీసి ఒక్కో మరకనీ కొలిచారు. మధ్యలో రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. "దక్షిణం చూస్తూ వచ్చిందండి. తలుపు తెరుచుకుంది," అన్నారు, ఎవరితోనో తెలియదు. నేను గోకేసిన చోట మట్టి మీద వేలు పెట్టి, "ఇక్కడ మొదటి గెంతు ఉండాలి," అని మాత్రం అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు నాయనమ్మ మూడు దెబ్బలూ పూలచెండుల్లా అనిపించాయి.

పుస్తకంలో నా గురువారం అంకెల మీద స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత గీశారు. కింద ఐదు కొత్త అంకెలు వేశారు, మిల్లు కూత, కాఫీ, కుడితి, పాసింజరు అన్నీ రాసి. తర్వాత జేబులోంచి తెనాలి ఉత్తరం తీశారు. చింపేస్తారనుకుని కళ్ళు మూసుకున్నాను. కలం గీసిన చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే, పాత వాక్యం కొట్టేసి ఉంది. దాని మీద చిన్న అక్షరాలతో, "ఈ అమ్మాయి వేసిన అంకెను ఒకసారి సరిచూసుకోవలెను. తప్పు వేస్తే తనే ఒప్పుకుంటుంది," అని ఉంది. ఆ కొట్టివేతతోనే తెనాలిలో ఇచ్చాను. ఉద్యోగం వచ్చింది. ఎంతోమంది పిల్లల రికార్డులు దిద్దాను. అర గీత తేడాలు మరీ అందంగా ఉన్న పేజీ కనిపిస్తే, నిన్న ఏ సినిమాకెళ్ళావని అడిగేదాన్ని. చాలామంది పేరు చెప్పేసేవారు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రతి పేజీలో చివర "గమనించినవారు" అనే గడిలో నా పొట్టి సంతకం ఉంటుంది. ఆ గురువారం పేజీలో లేదు. మాస్టారు ఆ గడి చూపించి నాయనమ్మని సంతకం పెట్టమన్నారు. ఆవిడకి చదువు రాదు. సున్నపు కాయలో వేలు ముంచి గడిలో అద్దింది. అద్దాక, నా మొహంలోకి చూసి, మాస్టారిని అడిగింది.

"దీనికి నిశానీ ఎందుకు బాబూ? నేనేమన్నా సినిమాకి పోయానా?"